తలుపు తీసినా నూటొకటి

మేస్త్రికి మనుషులంటే పెద్ద గౌరవం లేదు. టైర్లంటే ఉంది. అరిగిపోయిన టైరును నేల మీద ఒక్కసారి దొర్లించి, అది ఎన్ని గుంతలు చూసిందో, దాన్ని నడిపినవాడు ఎంత మొద్దో చెప్పేసేవాడు. ఆ షెడ్డులో పాత టైర్లకు కొత్త పట్టీ వేస్తారు. అరిగిన పైపొర గీకేసి, జిగురు పూసి, కొత్త రబ్బరు పట్టీ చుట్టి, పైన తొడుగు వేసి, దాని లోపలి గాలి పంపుతో లాగేసి, పదహారు టైర్లను ఒకే లోడుగా చాంబర్లో కొక్కేలకు వేలాడదీసి తలుపు బిగిస్తారు. చాంబరంటే పక్కకు పడుకోబెట్టిన పెద్ద కుక్కరనుకోండి, ఓ చిన్న గదంత ఉంటుంది. అందులో మూడు గంటలపాటు వేడీ, గాలి ఒత్తిడీ కలిసి పట్టీని టైరుకు అతికిస్తాయి. ఒత్తిడి ఆరు కిలోలుండాలి. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఆరు కిలోల బరువు పడాలి. తగ్గితే పట్టీ అతుక్కున్నట్టే ఉంటుంది గాని రోడ్డెక్కాక ఊడొస్తుంది. ఇరవయ్యారేళ్ళలో మేస్త్రి చేతిలోంచి వెళ్ళిన టైరు ఒక్కటీ అలా ఊడలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

ఆ సోమవారం పొద్దున మేస్త్రి వచ్చేసరికి చాంబరు మీది ముల్లు మీటరు లేదు. దాని చోట అంకెలు వెలిగే కొత్త మీటరు ఉంది. పెట్టించింది యజమాని అల్లుడు. అతన్ని షెడ్డులో వెనకాల 'దశాంశం' అంటారు. ఎన్ని గ్లాసుల మంచినీళ్ళు తాగారని అడిగినా చుక్క తర్వాత మూడంకెలు చెప్పే రకం. పెత్తనానికొచ్చి నాలుగు నెలలైంది గాని చాంబరు దగ్గరికి నాలుగుసార్లు కూడా రాలేదు. అక్కడంతా మసి, ఆయన చొక్కా తెలుపు.

"ఇకనుంచి కిలోలు లేవు, అంతా కిలోపాస్కల్సే. టైర్లు తీసుకునేవాళ్ళు అలా రాసిన రికార్డే అడుగుతున్నారు," అంటూ దశాంశం ప్లాస్టిక్ అట్టలో బిగించిన పట్టికను దూరం నుంచే అందించి, గోడకు తగిలించమన్నాడు. "ఒక కిలో అంటే తొంభై ఎనిమిది పాయింట్ సున్నా ఆరు ఏడు. మన ఆరు కిలోలకి ఐదొందల ఎనభై ఎనిమిది పాయింట్ మూడు తొమ్మిది తొమ్మిది. మీటర్ మీద 588 రాగానే కంప్రెసర్ ఆపెయ్యండి. డౌటుంటే అడగండి."

మేస్త్రి పట్టికను చూడలేదు, మీటరును చూశాడు. చాంబరు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఖాళీ కొక్కేలు తప్ప ఏమీ లేవు. అయినా మీటరు 101 చూపిస్తోంది.

మేస్త్రికి విషయం అప్పుడే అర్థమైంది. తొడుగుల్లోంచి గాలి లాగే పంపుకు ఇలాంటి మీటరే ఉంది, దానితో పన్నెండేళ్ళుగా కాపురం చేస్తున్నాడు. పాత ముల్లు మీటరు తలుపు తీస్తే సున్నాకు దిగేది. ఇదేమో మన నెత్తిన ఎప్పుడూ ఉండే బయటి గాలి బరువును కూడా కలుపుకుని చూపిస్తుంది. ఆ బరువు నూటొక్క కిలోపాస్కల్స్. దీన్ని నమ్మి 588 దగ్గర ఆపితే టైరు మీద నిజంగా పడేది 487. పాత లెక్కలో ఐదు కిలోలకు కూడా కాస్త తక్కువ. సరైన ఒత్తిడి రావాలంటే మీటరు మీద 689 కనిపించాలి. దశాంశంగారి గుణకారంలో తప్పేమీ లేదు, మూడంకెల దాకా దివ్యంగా ఉంది. సున్నా ఎక్కడుందో చూసుకోలేదు, అంతే.

చెబుదామని నోటిదాకా వచ్చింది. అంతలో దశాంశం నవ్వాడు. "అర్థమైందా మేస్త్రీ? కష్టంగా ఉంటే పక్కన పాత కిలోలు కూడా రాయిస్తాను, చిన్నపిల్లలకి రాసినట్టు."

"అక్కర్లేదండి. మీ లెక్కకి వంక పెట్టేదేముంది," అన్నాడు మేస్త్రి, చేతులు కట్టుకుని మరీ. 'కానివ్వు. నీ తెలివి ఎంతో నాలుగు రోజుల్లో మీ మామగారే చూస్తాడు,' అని లోపల అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఉన్న సుఖం అతనికి చాలా ఏళ్ళుగా అలవాటు.

*

మేస్త్రి తన లోడ్లను 689 దగ్గరే నడిపాడు. అరగంటకోసారి పుస్తకంలో మాత్రం 588 అని రాశాడు. 689 అని రాస్తే దశాంశం వచ్చి ఎందుకంటాడు, చెప్పాల్సొస్తుంది, చెబితే మర్నాటికి అది దశాంశం కనిపెట్టిందే అవుతుంది. టైరుకు కావలసింది టైరుకిచ్చి, కాగితానికి కావలసింది కాగితానికిచ్చానని తన తెలివికి తనే మురిసిపోయాడు. గళ్ళలో అంకెలు ముత్యాల్లా కుదిరాయి. అబద్ధం రాసేటప్పుడు అతని దస్తూరీ ఎప్పటికన్నా బాగుంది.

మధ్యాహ్నం షిఫ్టు తోడల్లుడిది. ఇద్దరి భార్యలూ అక్కచెల్లెళ్ళు, ఒకే ఇంట్లో మధ్యగోడకు అటొక కాపురం, ఇటొక కాపురం. ఆ ఉద్యోగం ఇప్పించింది మేస్త్రే కాబట్టి, అతన్ని మనిషి కింద జమకట్టక్కర్లేదని ఓ నిర్ణయానికొచ్చాడు. తోడల్లుడు నోట్లో నాలుక లేనివాడు. రెండింటి షిఫ్టుకు ఒంటిగంటన్నరకే వచ్చి, పుస్తకం ముట్టుకునే ముందు చేతులు చొక్కాకు తుడుచుకుని, పట్టికలో ఉన్నది వేలితో చూసుకుంటూ రెండుసార్లు చదివేవాడు. మేస్త్రికి ఆ వేలు చూస్తేనే ఒళ్ళు మండేది.

మొదటిరోజే అడిగాడు తోడల్లుడు. అప్పటికి మేస్త్రి తలుపు తీసి లోడు దించేశాడు.

"అన్నా, తలుపు తీసున్నా నూటొకటి చూపిస్తోందేంటి?"

"కొత్తల్లుడు తెచ్చిన సరుకు కదా, బెట్టు చేస్తోంది. కిందికి దిగదు."

మేస్త్రి నవ్వాడు కాబట్టి అతనూ నవ్వాడు. కాసేపాగి మళ్ళీ, "అది కాదన్నా. ఇందాక నేనొచ్చేసరికి ఆరొందల ఎనభై తొమ్మిది ఉంది. పట్టికలోనేమో..." అన్నాడు.

"నీకు కాగితం ఇచ్చారా, లేదా?"

"ఇచ్చారు."

"చదవడం వచ్చా, రాదా?"

"వచ్చన్నా."

"మరి అందులో ఉన్నట్టు చెయ్. నా లోడు సంగతి నాకు తెలుసు."

తోడల్లుడు తలూపాడు. పదహారు టైర్లు ఎక్కించి, తలుపు బోల్టులు ఒకదానికెదురుగా ఒకటి బిగించి, కంప్రెసర్ వేశాడు. అంకె 588కి రాగానే, వేలు పట్టిక మీదే ఉంచి, రెండో చేత్తో స్విచ్ కట్టేశాడు. మేస్త్రి క్యారేజీ సర్దుకుంటూ అదంతా చూశాడు. 'నూటొకటి కలుపుకోరా' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనడానికి అతనికి రెండు క్షణాలు కూడా పట్టేది కాదు.

ఇంటికెళ్ళి ఈ కథంతా భార్యకు చెప్పాడు. దశాంశం గొంతు అనుకరించి, పాయింట్ దగ్గర ముక్కుతో పలికి, ఆమెను బాగా నవ్వించాడు. నవ్వి నవ్వి ఆమె, "మరి మా మరిదికి చెప్పారా?" అంది.

"వాడికి చెబితే పొద్దున్నే వెళ్ళి దశాంశం చెవిలో ఊదుతాడు."

"టైర్లు పాడైతే?"

"అవ్వాలనే కదా. అప్పుడు గాని ఆ తెల్లచొక్కా దిగిరాదు."

మధ్యాహ్నం టైర్ల మీద పడే షిఫ్టు ముద్ర దశాంశంది కాదు, తోడల్లుడిదని అతనికి తట్టకపోలేదు. తట్టింది. 'వీడికీ కాస్త బుద్ధొస్తుందిలే,' అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

*

మరుసటి వారం బుధవారం పాల లారీ డ్రైవరొకడు, ఊడిన పట్టీని చచ్చిన పామును పట్టుకొచ్చినట్టు భుజాన వేసుకొచ్చి యజమాని బల్ల మీద పడేశాడు. "నా అదృష్టం బాగుండి వెనక బండెవడూ లేడు. ఉంటే ఇది వాడి మొహానికి చుట్టుకునేది. మీరు అతికించింది రబ్బరుతోనా, అన్నం మెతుకులతోనా?" అని అరిచాడు. గురువారం ఇంకో రెండొచ్చాయి. ప్రతి టైరు మీదా ఏ షిఫ్టులో తయారైందో ముద్ర ఉంటుంది. మూడింటి మీదా మధ్యాహ్నం ముద్రే.

శుక్రవారం ఒంటిగంటన్నరకు ఇద్దర్నీ యజమాని గదిలోకి పిలిచారు. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. మేస్త్రి మంచి చొక్కా వేసుకొచ్చాడు. దశాంశం పరువు పోయే రోజు కోసం పది రోజులుగా ఎదురుచూస్తున్నాడు మరి.

దశాంశం గొంతు సవరించుకున్నాడు. "రబ్బరు ఒకటే, జిగురు ఒకటే, చాంబర్ ఒకటే. వేడి ఒకటే. ఒత్తిడి ఇద్దరూ 588 అనే రాశారు, ఒక్క గడి కూడా తేడా లేదు. పొద్దుటి షిఫ్టులో ఒక్క టైరూ పోలేదు, మధ్యాహ్నం షిఫ్టులో మూడు పోయాయి. ఇక మిగిలిన తేడా మనిషే కదా మామయ్యా."

చదువుకున్నవాడు కదా, వాదన చక్కగా పేర్చాడు. మేస్త్రికి నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. ఆ వాదన మొత్తం తను రాసిన అంకెల మీద నిలబడి ఉంది. తను 689 అని రాసుంటే అది ఒక్క నిమిషం నిలబడేది కాదు.

"తొందరగా ఇంటికెళ్దామని ముందే తలుపు తీశావా?" అని యజమాని తోడల్లుణ్ణి అడిగాడు.

"లేదండి."

"మరి ఎందుకు ఊడాయి?"

"తెలీదండి. కాగితంలో ఉన్నట్టే చేశానండి."

"అందరూ అనేదదే. నువ్వు చెప్పు మేస్త్రీ. నువ్వు తెచ్చిన మనిషేగా. ఏం జరిగుంటుందంటావు?"

తోడల్లుడు మేస్త్రి వైపు తిరిగాడు. బతిమాలుతున్నట్టేమీ లేదు ఆ చూపు. పొయ్యి మీద పాల గిన్నె దగ్గర నిలబడ్డవాడిలా రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు, అంతే. మేస్త్రి లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే దశాంశం పరువు పోతుంది, అది బాగానే ఉంటుంది. కాని పది రోజుల దొంగరాత బయటికొస్తుంది, ఇరవయ్యారేళ్ళ పేరు పోతుంది. అది బాగుండదు.

"నా షిఫ్టు సంగతి నేను చెప్పగలనండి. అతని షిఫ్టులో నేనుండను కదా," అన్నాడు.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అందుకే అంత నీచంగా ఉంది.

దశాంశం ముందే టైపు చేయించిన కాగితం తీశాడు. 'నిర్ణీత సమయానికి ముందే చాంబరు తలుపు తెరిచితిని' అని ఉంది అందులో. తోడల్లుడు చేతులు చొక్కాకు తుడుచుకుని, కాగితం తీసుకుని, వేలితో చూసుకుంటూ రెండుసార్లు చదివాడు. తర్వాత కలం మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నేను తియ్యలేదండి. సంతకం పెట్టను."

"పెట్టకపోయినా రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు యజమాని.

"సరేనండి," అని అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నోట్లో నాలుక లేనివాడు సంతకం పెట్టనంటాడని మేస్త్రి కలలో కూడా అనుకోలేదు. ఆ మధ్యాహ్నం షిఫ్టు కూడా మేస్త్రికే అప్పజెప్పారు. శనివారమూ అంతే. రెండు షిఫ్టుల్లోనూ మీటరు 689 చూపించింది, రెండు షిఫ్టుల్లోనూ పుస్తకంలో 588 పడింది.

*

ఇంట్లో భార్య వడ్డిస్తోంది, మాట్లాడటం లేదు. గోడవతల నుంచి రోజూ వినిపించే గిన్నెల చప్పుడు కూడా తగ్గింది. మేస్త్రి మనసులో పెద్ద కోర్టు పెట్టి, దశాంశాన్ని బోనులో నిలబెట్టి, రకరకాలుగా తిట్టాడు. ఎన్నిసార్లు తిట్టినా కేసు అటు తేలలేదు.

ఆదివారం పొద్దున వెళ్ళక తప్పలేదు. షెడ్డు బట్టలూ చాంబరు తాళంచెవీ తెమ్మని యజమాని చెప్పాడు. తోడల్లుడు వాకిట్లో కూతురి సైకిల్ బోర్లించి గొలుసుకు నూనె వేస్తున్నాడు. గుమ్మంలో కనబడ్డ మరదలు 'రండి బావా' అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"బట్టలిమ్మన్నారు," అన్నాడు మేస్త్రి.

తోడల్లుడు చేతులు కడుక్కొచ్చి, ఉతికి మడత పెట్టిన బట్టలు తెచ్చిచ్చాడు. తాళంచెవి పైనే ఉంది. మేస్త్రికి ఇక అక్కడ పనిలేదు. అయినా నిలబడ్డాడు.

"ఇంకోచోట చూస్తాలే నీకు. నాకు తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఆ దశాంశం గాడి మొహం చూడాల్సిన ఖర్మ తప్పింది నీకు. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది, సున్నా ఎక్కడుందో కూడా..."

"నేను రోజూ ఒంటిగంటన్నరకి వచ్చేవాణ్ణి కదన్నా," అన్నాడు తోడల్లుడు, మళ్ళీ సైకిల్ దగ్గర కూర్చుంటూ.

"అయితే?"

"మీటర్ మీద ఆరొందల ఎనభై తొమ్మిది ఉండేది. నువ్వు ఐదొందల ఎనభై ఎనిమిది రాసేవాడివి. పది రోజులూ చూశాను."

మేస్త్రి చేతిలోని బట్టలు ఒక్కసారిగా బరువెక్కాయి. వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. "మరి అక్కడ... ఆ గదిలో చెప్పలేదేం?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నీ రాత దొంగరాతని నేను చెబితే నీ ఉద్యోగం పోతుంది. మా వదిన మొహం నేను చూడగలనా?" తోడల్లుడు పెడల్ తిప్పాడు. గొలుసు చప్పుడు లేకుండా తిరిగింది. "నువ్వే చెబుతావనుకున్నాను. తలుపు దాటేదాకా చూశాను."

మేస్త్రి బట్టల మీది తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆ నూటొకటి ఏంటో నాకు నిజంగానే తెలీదన్నా. నాకంత చదువు లేదు. అందుకే నిన్నడిగాను. తెలీకపోతే తెలిసినవాణ్ణే కదా అడుగుతారు."

గొంతులో కోపం ఉన్నా బాగుండేది. కోపానికి ఎదురు చెప్పడం మేస్త్రికి వచ్చు.

*

సోమవారం పొద్దున మేస్త్రి దశాంశం గదికి వెళ్ళి, "ఒకసారి చాంబరు దగ్గరికి రండి," అన్నాడు. ఎందుకని అడిగితే, "చూపించాలి," అన్నాడు. దశాంశం తెల్లచొక్కాతోనే వచ్చాడు. మేస్త్రి బోల్టులు విప్పి తలుపు బార్లా తీసి, పక్కకు తప్పుకుని, మీటరు చూపించాడు. 101.

దశాంశం మీటరు వంక చూశాడు. లోపలి ఖాళీ కొక్కేల వంక చూశాడు. చెప్పాల్సిన అవసరం రాలేదు. మొహంలో రక్తం దిగిపోవడం మేస్త్రికి కళ్ళారా కనిపించింది. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. తీరా చూస్తే ఏమీ బాగోలేదు.

"అంటే 588 దగ్గర... 487," అన్నాడు దశాంశం. చుక్క లేదు, తర్వాతి మూడంకెలూ లేవు. "మరి మీ టైర్లు ఎలా నిలబడ్డాయి?"

"నేను 689 దగ్గర నడిపానండి. పుస్తకంలో 588 రాశాను."

తిడతాడని మేస్త్రి కాచుకున్నాడు. దశాంశం తిట్టలేదు. "మధ్యాహ్నం షిఫ్టులో రోజుకి రెండు లోడ్లు, పది రోజులు. మూడొందల ఇరవై టైర్లు," అంటూ అక్కడే మసిబల్ల మీద మోచేతులానించి డెలివరీ జాబితా తిరగేశాడు. "ఇందులో ఎన్ని బయటికెళ్ళాయి? లారీలవి... వ్యాన్లవి... స్కూలు బస్సులవి ఇరవై నాలుగు."

పది రోజులుగా మేస్త్రి ఎందరినో లెక్కగట్టాడు, ఎవరి తెలివి ఎంతో, ఎవరి బతుకు ఎంతో. బయట తిరుగుతున్న ఆ టైర్లను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. టైర్లంటే గౌరవమని చెప్పుకు తిరిగే మనిషి.

దశాంశం మొదటి ఫోను స్కూలుకు చేశాడు. "బస్సులు కదిలించకండి. తప్పు మాది, టైర్లు మేమే వచ్చి మారుస్తాం," అన్నాడు. తర్వాత ఒక్కొక్కరికీ అదే మాట చెప్పాడు. ఎవరో అటునుంచి అరుస్తుంటే ఫోను చెవికి దూరంగా పెట్టుకోకుండా మొత్తం విన్నాడు. మధ్యాహ్నానికి ఆ చొక్కా మేస్త్రి చొక్కా కన్నా నల్లగా ఉంది.

అన్ని ఫోన్లూ అయ్యాక అడిగాడు. "మీకెప్పుడు తెలిసింది?"

"మీరు పెట్టించిన రోజే."

"ఆ రోజే చెప్పుంటే పోయేది కదా?"

ఆ ప్రశ్నకు మేస్త్రి దగ్గర బోలెడు జవాబులుండేవి. చిన్నపిల్లలకి రాసినట్టు అన్నావు కదా అనొచ్చు. ఏదీ నోట్లోంచి బయటికి తీసుకురాదగినట్టు లేదు.

"చెప్పాల్సిందండి," అన్నాడు.

యజమాని ముందు దశాంశం తప్పంతా తనదేనన్నాడు. మేస్త్రి దొంగరాత సంగతి కూడా దాచలేదు. యజమాని గంటసేపు కేకలేసి, చివరికి మేస్త్రిని ఉండనిచ్చాడు. చాంబరు నడపడానికి అలాంటి పనివాడు దొరకడట. చెయ్యని తప్పుకు తోడల్లుణ్ణి ఐదు నిమిషాల్లో పంపేశారు, చేసిన తప్పుకు మేస్త్రికి మెప్పు దక్కింది. మేస్త్రి దాన్ని కూడా మింగాడు. పడ్డ శిక్ష ఒక్కటే, పుస్తకంలో తన అబద్ధపు అంకెలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన నిజం అంకె వేసి, ప్రతి గడికీ సంతకం పెట్టడం. నూట అరవై ఎనిమిది గళ్ళు. యాభై దాటేసరికి దస్తూరీ వంకరపోయింది. సాయంత్రం దశాంశం ఆ మసిచొక్కాతోనే తోడల్లుడి ఇంటికి వెళ్ళి, మళ్ళీ పనిలోకి రమ్మని, వాకిట్లో అందరూ వింటుండగా క్షమించమని అడిగాడు. గోడకివతల కూర్చుని మేస్త్రి ఆ మాట విన్నాడు. ఆ మాట ముందుగా అనాల్సినవాడు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

మంగళవారం ఒంటిగంటన్నరకు తోడల్లుడు షెడ్డులోకి వచ్చాడు. మేస్త్రి పొద్దుటి నుంచీ ఒక వాక్యం కూడబలుక్కుంటున్నాడు. మొదట 'ఒరే తమ్ముడూ' అనాలి, తర్వాతది సులువుగానే వస్తుందని ధైర్యం. తోడల్లుడు చేతులు తుడుచుకున్నాడు. మీటరు చూశాడు, 689. పుస్తకం చూశాడు, 689. ఎర్రటి పేజీలు తిప్పలేదు. మేస్త్రి తలుపు తీసి లోడు దించాక, వచ్చి అంకె నూటొకటికి దిగిందో లేదో తనే చూసుకున్నాడు. ఏమీ అడగలేదు.

"ఒరే..." అని మొదలుపెట్టాడు మేస్త్రి.

తోడల్లుడు ఎంతో మర్యాదగా అతని వైపు తిరిగాడు.

"టైమైంది, మీరు బయల్దేరండి మేస్త్రిగారూ," అన్నాడు. "మిగతాది నేను చూసుకుంటాను."

మేస్త్రి పక్కకు జరిగి దారిచ్చాడు.